సున్న వేశాను

ఆగస్టు 18, సోమవారం. తెనాలి

అక్టోబరు ముప్పై ఒకటిన నా ఉద్యోగం ముగుస్తుంది. ఆ తర్వాత పరిశోధక మార్గదర్శిగా నా సంతకానికి విశ్వవిద్యాలయంలో విలువ ఉండదు. ఆ సంతకంతో చేసిన ఒక పనిని తిరిగి పరిశీలించవలసి ఉంటే, మిగిలిన ఈ డెబ్బై నాలుగు రోజుల్లోనే పరిశీలించాలి. అందుకే ఈ పుస్తకం మొదలుపెడుతున్నాను. ఇది ప్రయోగశాల పుస్తకంలో రాయదగిన విషయం కాదు. ఎవరికైనా చెప్పదగినదా అన్నది ఇంకా తెలియదు.

కారణం ఈ ఉదయం బెంగళూరు నుంచి వచ్చిన మెయిల్. అక్కడి ఒక పరిశోధనశాల వారు మా 2014 నాటి వ్యాసంలోని పద్ధతి ప్రకారం రెండేళ్ళుగా బిళ్ళలు చేస్తున్నారట. చాలా మర్యాదగా రాశారు. "మీ పద్ధతిని అక్షరం పొల్లు పోకుండా అనుసరించాం. ఫలితం రాలేదు. మీరు విరమించేలోగా, వ్యాసంలోకి ఎక్కకుండా మిగిలినదేమైనా ఉంటే తెలపగలరు."

నా ఇరవై ఏళ్ళూ ఆ బిళ్ళ చుట్టూనే గడిచాయి. మామూలు బ్యాటరీలో ద్రవం ఉండే చోట గట్టి పింగాణీ బిళ్ళను పెట్టాలన్నది మా ప్రయత్నం. అది కారదు, మండదు, లిథియాన్ని మాత్రం తన గుండా నడవనిస్తుంది. పరిమాణం పది రూపాయల నాణెమంత. దాని శత్రువు గాలిలోని తేమ. సముద్రం పక్కన బాపట్లలో కూర్చుని తేమకు బెదిరే పదార్థం మీద పనిచేయడమేమిటని అందరూ నవ్వారు. 2014లో వారికి సమాధానం చెప్పగలిగాం. అప్పుడు చేసిన ప్రతి పది బిళ్ళల్లో తొమ్మిది తేమకు పాడవకుండా నిలిచాయి.

2017 తర్వాత అవి మా శాలలోనే నిలవలేదు. ఈ వాక్యాన్ని నేను ఇంతవరకు ఎక్కడా రాయలేదు. రాయవలసి వచ్చినప్పుడల్లా "సుమయా చేతిలో నిలవలేదు" అనే రాశాను.

ఆగస్టు 19

బెంగళూరుకు జవాబు సిద్ధం చేశాను: "రాయకుండా మిగిలినదేమీ లేదు." పంపలేదు.

ఆగస్టు 23, శనివారం

సుమయా 2017 ఆగస్టులో నా దగ్గర పరిశోధకురాలిగా చేరింది. మా ఊరి పిల్లే. తెనాలి మార్కెట్ వెనక వాళ్ళ అన్నయ్య ముజీబ్‌కు ఇన్వర్టర్ బ్యాటరీల దుకాణం. "ఇంట్లో అందరం బ్యాటరీలకు నీళ్ళు పోసేవాళ్ళమే సార్, నీళ్ళు అక్కర్లేని బ్యాటరీ నేను చేస్తా" అని మొదటి రోజే నవ్వుతూ అంది.

ఏడాదిన్నరలో నూట పన్నెండు బిళ్ళలు చేసింది. మూడు నిలిచాయి. 2019 మార్చిలో పరిశోధక సంఘం నా అభిప్రాయం అడిగింది. రెండు వాక్యాలు రాసి ఇచ్చాను. మొదటిది: "ఈ విద్యార్థిని స్థాపిత పద్ధతిని పునరావృతం చేయలేకపోయింది." రెండోది ఇప్పుడు సరిగా గుర్తులేదు. ఫైలు కళాశాలలో ఉంది. ఆమె పిహెచ్.డి. నమోదు రద్దయింది. నేను ఆమెను అబద్ధాలకోరు అనలేదు. ఆ మాట నేను ఎవరి గురించీ అనను.

ఆమె ఏనాడూ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అడిగి ఉంటే సాయం చేసేవాణ్ణి.

భోజనం దగ్గర మా ఆవిడ అంది: "రంజాన్‌కు సేమ్యా తెచ్చేది, ఆ అమ్మాయి ఏమైందండీ? మీరు మళ్ళీ ఎప్పుడూ చెప్పలేదు." అన్నయ్య దుకాణంలోనే ఉంటోందని చెప్పాను. మన ఇంటికి కిలోమీటరున్నర దూరమని చెప్పలేదు. ఆరేళ్ళుగా నేను స్టేషనుకు మార్కెట్ వైపు నుంచి కాక చుట్టు తిరిగి వెళుతున్నానని ఆవిడ ఎప్పుడూ గమనించలేదు. బహుశా గమనించింది.

ఆగస్టు 31, ఆదివారం

రేపల్లె వెళ్ళి వచ్చాను.

ఏసుపాదం మా శాలలో అటెండరు. ఎనిమిదేళ్ళపాటు పొడిని నూరింది, తూచింది, డెసికేటర్ అనే మూత జాడీలో, తేమ పీల్చే గుళికల మీద పెట్టి కాపాడింది అతనే. 2017 జూన్‌లో విరమించాడు. బెంగళూరు వారి ప్రశ్నను అతణ్ణి అడగాలని తోచడానికి నాకు పదమూడు రోజులు పట్టింది.

చర్చి వెనక సందులో ఇల్లు. ఆరాధన అప్పుడే ముగిసినట్టుంది, తెల్లచీరలు సందు నిండా నడుస్తున్నాయి. అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఒక కంటికి ఆపరేషన్ అయింది, రెండోది ఇంకా కాలేదు.

"ఎవరదీ?"

"నేను ఏసుపాదం, బసవేశ్వరరావుని."

"సార్! ఏంటండీ, చెప్పాపెట్టకుండా! లక్ష్మమ్మా, కుర్చీ తుడువు, సార్ వచ్చారు."

"తుడిచే ఉంది. ఇందాకటిదాకా దాంట్లో కూకుంది నువ్వేగా," అంటూ అతని భార్య బయటికి వచ్చింది. "కాఫీ తాగుతారా అండి? ఈయనకు ఇప్పటికీ చక్కెర గ్రాముల్లో చెప్పాలండి. చెంచా అంటే ఒప్పుకోడు. మీరు నేర్పిన జబ్బే."

పద్ధతి మళ్ళీ చెప్పమని అడిగాను. ఒక్క అంకె తప్పకుండా చెప్పాడు. ఎన్ని గంటలు నూరాలి, ఎంత వేడికి ఎన్ని గంటలు కాల్చాలి, చల్లారాక ఎన్ని నిమిషాల్లో జాడీలోకి చేర్చాలి. అన్నీ వ్యాసంలో ఉన్నవే.

"ఇంకేమైనా చేసేవాడివా?"

"ఇంకేముంటదండీ. మీరు చెప్పిందే చేశాను."

లేచాను. లక్ష్మమ్మ అతని చేతిలో తమలపాకు చిలక పెడుతోంది.

"సున్నమేశావా?"

"ఏశాను. నిన్నటికంటే తక్కువే. నోరు పొక్కిందని ఊరంతా చెప్పావుగా."

అతడు దవడన పెట్టుకుని నావైపు తిరిగాడు. "సున్నానికి పాళ్ళు తెలియాలండి. మన జాడీలో అయితే ఎంతేసినా ఫర్లేదు. నోట్లో అట్టా కుదరదు."

"మన జాడీలోనా?"

"అవునండి, గుల్ల సున్నం. వానాకాలంలో ఆ నీలం గుళికలు మూడోనాటికే గులాబీ రంగు తిరిగేయి గదా. కొత్తవాటికి ఉగాదినాడు ఇండెంటు పెడితే దసరాకి వచ్చేయి. మా నాయన గుల్లలు కాల్చినోడండి, నగరం అనే ఊరి దగ్గర బట్టీ ఉండేది. కొత్తగా కాల్చిన సున్నానికి ఎంత దాహం ఉంటదో చిన్నప్పటినుంచీ చూశాను. గుడ్డలో కట్టి గుళికల కింద పెట్టేవాణ్ణి. నాలుగు రోజులకోసారి మార్చేవాణ్ణి."

"నాకు ఎప్పుడూ చెప్పలేదేం?"

అతని ముఖంలో నిజమైన ఆశ్చర్యం కనిపించింది.

"రాశాను గదండీ! వేసినప్పుడల్లా పుస్తకంలో రాశాను, 'సున్నం వేశాను' అని. కింద మీరు సంతకం గూడా పెట్టేవోరు."

"అదా సంగతి," అంది లక్ష్మమ్మ. "ఎనిమిదేళ్ళు ఇంట్లో తడపని సున్నం డబ్బా నిండా ఉండేది కాదండి. ఈయన తెగ నమిలేస్తున్నాడని నేను తిట్టని రోజు లేదు."

ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాననుకుంటాను. తిరుగు రైలు భట్టిప్రోలు దాటేదాకా ఏమీ ఆలోచించలేదు.

సెప్టెంబరు 1, సోమవారం. బాపట్ల

బీరువాలోంచి ఎనిమిది నమోదు పుస్తకాలూ తీశాను. తేదీ, నమూనా సంఖ్య, బరువు, గమనిక. గమనికల గడిలో ఏసుపాదం గుండ్రని అక్షరాలు: "సున్న వేశాను." కింద నా సంతకం.

సున్న. తూకం వేసే ముందు త్రాసును సున్నకు తీసుకురావాలి. ఎనిమిదేళ్ళూ నేను ఆ మాటను అలాగే చదివాను. గర్వంగా కూడా చదివాను. కొత్తగా చేరిన ప్రతి విద్యార్థికీ ఆ గడి చూపించి, "శ్రద్ధ అంటే ఇది" అనేవాణ్ణి. సుమయాకూ చూపించాను.

అదే పేజీలో మరో చోట: "బీరువా శుభ్ర చేశాను." ఇంకో చోట: "ఉదయ పది గంటలకు కరెంటు పోయింది." ఏసుపాదం ఏ మాటకూ చివరి సున్న పెట్టడు. మిషను బడిలో ఐదో తరగతి వరకు చదివిన చేయి. "శుభ్ర" అని ఉన్నచోట నేను శుభ్రం అనే చదువుకున్నాను, ఎక్కడా తడబడలేదు. "సున్న" దగ్గర మాత్రం ఉన్నది ఉన్నట్టు చదివాను. నాకు తెలిసిన అర్థం అక్కడ అప్పటికే సిద్ధంగా ఉంది కాబట్టి.

సున్నకూ సున్నానికీ మధ్య ఉన్నది ఒక సున్న.

సెప్టెంబరు 3

గమనికలను నెలలవారీగా లెక్కపెట్టాను. జులై నుంచి డిసెంబరు వరకు నెలకు ఏడు, ఎనిమిది. మార్చి నుంచి మే వరకు మూడు.

త్రాసుకు ఋతువులు ఉండవు.

సెప్టెంబరు 9, మంగళవారం

వినయ్ కుమార్‌తో మాట్లాడాను. ఇప్పుడు మా శాఖాధిపతి. సుమయా ఉన్న రోజుల్లో కొత్తగా చేరిన అధ్యాపకుడు. నా సన్మాన సంచిక పనిలో ఉన్నాడు. 2014 వ్యాసం మొదటి పేజీని అట్ట మీద వేస్తున్నారు. అంతా విని పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టాడు.

"సున్నం సంగతి ఒక సవరణగా పంపేద్దాం సార్. బాగుంటుంది కూడా. స్థానిక పరిజ్ఞానం అంటారు, మెచ్చుకుంటారు. సుమయా విషయం మాత్రం వేరండి."

"ఎలా వేరవుతుంది?"

"ఆ అమ్మాయి సెటిలైపోయింది సార్. ఇప్పుడు కదిపితే అప్పటి సంఘంలో ఉన్నవాళ్ళందరికీ తలనొప్పి. మీకు ఇంకా యాభై రోజులే ఉన్నాయి. హాయిగా వెళ్ళండి సార్." తర్వాత గొంతు తగ్గించి, "అయినా ఆ రోజు ఆ సున్న ప్రశ్న వేసింది గదా సార్, మీకు గుర్తుందా?" అన్నాడు.

గుర్తులేదన్నాను.

సెప్టెంబరు 13

గుర్తుంది.

సెప్టెంబరు 14, ఆదివారం

రాయవలసిందే కాబట్టి రాస్తున్నాను.

2018 జులై. శుక్రవారం మధ్యాహ్నం జరిగే సమావేశం. ఆరుగురం ఉన్నాం. ఆ వారం సుమయా బిళ్ళలు నాలుగు పగిలాయి. పై వారంలో సమీక్ష. ఆమె ఒక కాగితం తెచ్చింది. ఏసుపాదం గమనికలను నెలలవారీగా లెక్కపెట్టి పట్టిక గీసింది. పదిరోజుల క్రితం నేను గీసిన పట్టికే.

"సార్, త్రాసుకు సున్న నాలుగు రోజులకోసారే ఎందుకు వేశారండీ? తూకం రోజూ ఉంది గదా. వేసవిలో అయితే ఇంకా తక్కువ వేశారు."

నేను ఆ కాగితం చూడలేదు. చూడకుండానే అన్నాను: "ఏసుపాదం సున్నలు తర్వాత లెక్కపెడుదువుగాని, ముందు నీ ఫలితాల్లో సున్నలు చూసుకో అమ్మా."

అందరూ నవ్వారు. చమత్కారం బాగుందని నాకూ అనిపించింది. ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కూర్చుంది. ఆ తర్వాత ఏ సమావేశంలోనూ ప్రశ్న అడగలేదు.

ఏనాడూ ఒక్క ప్రశ్న అడగలేదని పై పేజీల్లో రాశాను. ఆ వాక్యం 2018 జులై నుంచి మాత్రమే నిజం.

నేను ఎవరినీ గట్టిగా మందలించనని, ఓపిక గలవాడినని అంటారు. నిజమే. ఒకే ఒక్కసారి పరాచికం ఆడాను. అది ఆడినచోట సమాధానం ఉంది.

సెప్టెంబరు 16

ఫైలు తీశాను. 2019 మార్చి, నా రెండో వాక్యం:

"నమోదులు పైకి పద్ధతిగా ఉన్నప్పటికీ, అవి వాస్తవంగా జరిగిన పనినే చూపుతున్నాయని నేను హామీ ఇవ్వలేను."

అబద్ధాలకోరు అన్న మాట అందులో లేదు. ఆ మాటను రాయనవసరం లేకుండా కట్టిన వాక్యం అది. చాలా జాగ్రత్తగా కట్టాను.

సెప్టెంబరు 20, శనివారం. తెనాలి

విశ్వవిద్యాలయానికి పంపవలసిన ఉత్తరం ముసాయిదా రాసుకుని మార్కెట్ దారిన నడిచి వెళ్ళాను.

దుకాణం ముందు ఆటో బ్యాటరీలు వరుసగా ఉన్నాయి. ముజీబ్ గల్లాపెట్టె దగ్గర ఉన్నాడు. గుర్తుపట్టాడు, గుర్తుపట్టనట్టు అడిగాడు.

"చెప్పండి సార్, ఇన్వర్టరా, ఆటోదా?"

"సుమయాతో మాట్లాడాలి."

"కంప్లయింటా సార్? వారంటీ అయిపోయినవి మేం తీసుకోమండి. ఆరేళ్ళయిందంటే అస్సలు తీసుకోం."

"అన్నయ్యా, ఊరుకో." లోపలి నుంచి ఆమె గొంతు వినిపించింది. బల్ల మీద బ్యాటరీ మూతలు ఆరూ తీసి గరాటుతో డిస్టిల్డ్ వాటర్ పోస్తోంది. పోయడం ఆపలేదు. ఆరో గడి పూర్తయ్యాక మూతలు బిగించి, తేదీ రాసిన చీటీ అంటించి, అప్పుడు చేతులు తుడుచుకుంది.

"కూర్చోండి సార్. టీ చెప్పనా?"

చెప్పవలసినదంతా వరుసగా చెప్పాను. రేపల్లె, తమలపాకు, గుల్ల సున్నం, చివరి సున్న. శుక్రవారం నాటి నా మాట కూడా చెప్పాను. ఆమె మధ్యలో ఆపలేదు.

"సున్నమా," అంది చివరికి. "వేసవిలో పదిరోజులకోసారి. వానాకాలంలో నాలుగు రోజులకోసారి." చూపు నా మీద లేదు. "నేను చేరినప్పటినుంచీ ఆ పుస్తకం చూసి రోజూ ఉదయం త్రాసుకు సున్న వేశాను సార్. ఏసుపాదం గారికంటే నేనే ఎక్కువ శ్రద్ధగా ఉన్నానని సంతోషపడేదాన్ని."

ఉత్తరం ఇచ్చాను. రెండుసార్లు చదివి పెన్ను అడిగింది.

"'పద్ధతిలో ఒక అంశం నమోదు కానందువల్ల' అని రాశారు. ఏసుపాదం గారు నమోదు చేశారండి. మనం చదవలేదు. మీరూ, నేనూ." ఆ మాటలు కొట్టేసింది. "'ఆమె ఫలితాలు రాకపోవడానికి కారణం సున్నం లేకపోవడమేనని తేలింది.' తేలిందా సార్? మళ్ళీ చేసి చూశారా?"

"ఇంకా లేదు."

"అయితే ఇదీ అనుమానమేగా. అప్పుడు అనుమానంతో నన్ను పంపించారు, ఇప్పుడు అనుమానంతో రమ్మంటారా? రేపు సున్నం కాదని తేలితే మళ్ళీ నేనే దొంగనవుతానా?"

నేను ఉత్తరం వెనక్కి తీసుకున్నాను.

"నూట పన్నెండు చేశాను సార్. నూట తొమ్మిది పోయాయి. పోయినవి పోయినట్టే రాశాను. ఒక్కటి కూడా దిద్దలేదు. దానికీ సున్నానికీ సంబంధమేంటండీ?"

టీ వచ్చింది. ముజీబే తెచ్చాడు. నా ముందు గ్లాసు కొంచెం గట్టిగా పెట్టాడు, కానీ పెట్టాడు.

సెప్టెంబరు 21

ఆమె చెప్పింది సరైనదని ఒక రోజంతా ఆలోచించాక అర్థమైంది. నేను సున్నం దొరికినందుకు సంతోషించాను. కారణం దొరికితే నా తప్పు కూడా ఒక ప్రయోగ లోపంగా మారుతుందని లోపల ఎక్కడో అనుకున్నాను. ఆమె నిజాయితీకి సున్నం సాక్ష్యం అక్కర్లేదు. ఆమె పుస్తకాలు చాలు. అవి 2019లో కూడా నా బల్ల మీదే ఉన్నాయి.

సెప్టెంబరు 24, బుధవారం

ఉత్తరం పంపాను. సున్నం ప్రస్తావన లేదు. "2019 మార్చిలో నేను రాసిన రెండో వాక్యానికి నా వద్ద ఏ ఆధారమూ లేదు. ఆమె నమోదులు వాస్తవమైనవి. ఆ వాక్యాన్ని ఉపసంహరించుకుంటున్నాను. ఆమె నమోదును పునరుద్ధరించవలసిందిగా మార్గదర్శిగా సిఫారసు చేస్తున్నాను." సంతకం, తేదీ.

బెంగళూరుకు వేరే ఉత్తరం: జాడీలో గుల్ల సున్నం ఉండేదని, దాని ప్రభావం ఇంకా పరీక్షించలేదని. వ్యాసానికి పంపిన సవరణలో ఏసుపాదం పేరు చేర్చాను. ఫోన్ చేసి చెబితే, "నా పేరెందుకండీ, సున్నం పేరు రాయండి" అన్నాడు.

సన్మాన సంచిక అట్ట మీదినుంచి వ్యాసం తీసేయమని వినయ్ కుమార్‌ను అడిగాను. "ఆ రోజు నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను సార్. తీసేస్తాను" అన్నాడు.

సెప్టెంబరు 27

పరీక్ష ప్రణాళిక. ఇరవై నాలుగు బిళ్ళలు, రెండు జాడీలు. ఒకదానిలో గుళికలు, వాటి కింద సున్నం. రెండోదానిలో గుళికలు మాత్రమే. ఇరవై ఒక్క రోజులు. సుమయాకు వాట్సాప్‌లో పంపాను. నీలం గుర్తులు వచ్చాయి. జవాబు రాలేదు.

అక్టోబరు 5, ఆదివారం

రేపల్లె స్టేషనులో ఏసుపాదం, లక్ష్మమ్మ నా కోసం నిలబడి ఉన్నారు. నగరం బట్టీ ఎప్పుడో పోయిందట. లక్ష్మమ్మ చిన్నాన్న కొడుకు ఇంకా కాలుస్తాడని అతని దగ్గర తెచ్చారు. స్టీలు డబ్బా, మూత చుట్టూ మైనం.

"నీళ్ళు తగలనీకండి సార్, దానికి కోపమెక్కువ," అన్నాడు. తర్వాత, ఎంతో సంకోచిస్తూ: "సుమయమ్మగారు నా మీద కోపంగా ఉన్నారా అండి? సరిగ్గా రాసుంటే..."

నువ్వు సరిగానే రాశావని చెప్పాను. అతడు నమ్మలేదు. ఇక మీదట తన జీవితంలో ప్రతి మాటకూ చివరి సున్న చూసుకుంటాడని నాకు అనిపించింది. ఇది కూడా నేను అతనికి చేసినదే.

అక్టోబరు 9, గురువారం. బాపట్ల

బిళ్ళలు ఇరవై నాలుగూ నేనే నూరి, అచ్చు వేసి, కాల్చాను. చేయి తిరగడానికి వారం పట్టింది. పన్నెండేసి చొప్పున జాడీల్లో పెట్టాను. గమనికల గడిలో రాశాను: "సున్నం వేశాను." చివరి సున్నను కొంచెం పెద్దదిగా పెట్టాను.

అక్టోబరు 13

సున్నం వేశాను. రెండో జాడీ మూత కూడా అంతసేపే తెరిచి ఉంచాను.

అక్టోబరు 17

సున్నం వేశాను.

అక్టోబరు 21

సున్నం వేశాను. విశ్వవిద్యాలయం నుంచి రసీదు వచ్చింది: "మీ లేఖ అందినది."

అక్టోబరు 25

సున్నం వేశాను. తుపాను వస్తోందంటున్నారు.

అక్టోబరు 29, బుధవారం. తెనాలి

నిన్నంతా గాలి. రైళ్ళు లేవు, ఈ రోజు సున్నం మార్చడం కుదరలేదు. ఈ సాయంత్రం దాకా ఇక్కడ కూడా కరెంటు లేదు. బాపట్లలో కొలిమి లేకపోయినా ఫర్వాలేదు, కానీ రేపు ఇరవై ఒకటో రోజు. బిళ్ళలను పరీక్షించే మీటరు పనిచేయకపోతే కొలతలు ఉండవు. ఎల్లుండి నా చివరి దినం. సన్మానం వాయిదా పడింది. మంచిదే.

అక్టోబరు 30, గురువారం

ఉదయం ఇంటి ముందు ఆటో ట్రాలీ ఆగింది. ముజీబ్ దిగాడు. వెనక ఇన్వర్టరు, రెండు బ్యాటరీలు తాళ్ళతో కట్టి ఉన్నాయి.

"ఎక్కండి సార్. బాపట్లలో రేపటిదాకా కరెంటు రాదంట. ఇయ్యాళ మీటరు తిరక్కపోతే ఇరవై ఒక్క రోజులూ వేస్టంట గదా, మా చెల్లి చెప్పింది."

"తను రాలేదా?"

"మీరు పిలిచారా?"

పిలవలేదు. ప్రణాళిక మాత్రమే పంపాను.

దారి పొడవునా చేలు నీళ్ళలో పడుకుని ఉన్నాయి. రెండు చోట్ల చెట్లు తప్పించుకుని పోవలసి వచ్చింది. అప్పికట్ల దాటాక ముజీబ్, "మా నాన్న అందరికీ చెప్పుకునేవాడు సార్, 'మా అమ్మాయి డాక్టరమ్మ అవుద్ది, మందులిచ్చే డాక్టరు కాదు' అని. రెండేళ్ళ కిందట పోయాడు," అన్నాడు. నిందలా అనలేదు. దారిలో కనిపించిన ఊరి పేరు చెప్పినట్టు చెప్పాడు.

శాలలో బ్యాటరీలు దించాక వాటి మీది చీటీలు చూశాను. చిన్న, స్పష్టమైన అక్షరాలు: "డిస్టిల్డ్ వాటర్ పోశాను. ఆరు గడులూ సరిచూశాను. 29-10-2025. సుమయా." ఏ మాటకూ ఏదీ తప్పిపోలేదు.

సీసం బ్యాటరీల మీద నా మీటరు ఆరుగంటలు నడిచింది.

అక్టోబరు 31, శుక్రవారం

నిన్నటి కొలతలు. సున్నం లేని జాడీ: పన్నెండులో రెండు నిలిచాయి. సున్నం ఉన్న జాడీ: పన్నెండులో ఏడు. 2014లో పదికి తొమ్మిది నిలిచేవి. కనుక సున్నం కొంత నిజం, మొత్తం కాదు. పన్నెండు బిళ్ళలతో ఇంతకు మించి చెప్పడం తగదు. ఈ అంకెలనే సుమయాకూ, బెంగళూరుకూ పంపాను. సుమయా నుంచి ఒక్క మాట వచ్చింది: "చూశాను సార్."

తాళాలు వినయ్ కుమార్‌కు అప్పగించాను. నమోదు పుస్తకాల్లో ఏసుపాదం రాసిన ఎనిమిదీ, సుమయా రాసిన మూడూ ఒకే అరలో పక్కపక్కన పెట్టాను.

సున్నం తేమను మాత్రమే ఆపిందా, లేక అందులోని కాల్షియం కొంత బిళ్ళలోకి చేరి పదార్థాన్నే మార్చిందా అన్నది తెలియదు. నమూనాలు పరీక్షకు పంపాను, ఫలితం నవంబరులో వస్తుంది. అది ఇక నా పేరు మీద రాదు. నా ఉత్తరం మీద విశ్వవిద్యాలయం ఏమి చేస్తుందో తెలియదు. చేసినా, ఆ శాలకు తిరిగి రావాలని సుమయాకు ఉందో లేదో నేను అడగలేదు. అడగవలసినవాణ్ణి నేనేనా అన్నది కూడా నాకు తెలియదు.